అమెరికా ఎద్దులకు లాడాలు

ఇది చిన్న కథ. టీ చల్లారేలోపు చెప్పేయవచ్చు. సౌదీలో అల్ ఖర్జ్ పాల ఫారంలో దాణా లారీ నడిపే అబ్దుల్ ఖాదర్ ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒక కాగితం నింపించుకున్నాడు. అంతే. కానీ టీ అన్నాం గనుక ముందు రఫీ సంగతి చెప్పాలి. చెప్పకపోతే రఫీ బాధపడతాడు.

రఫీది మదనపల్లె. ఫారం గేటుకు ఎదురుగా, రోడ్డవతల, అబూ నాసిర్ అనే ముసలి సౌదీ ఆయన బూఫియాలో టీ కాస్తాడు. బూఫియా అంటే పెద్దదేమీ ఊహించుకోవద్దు. ఒక కిటికీ, ఒక పొయ్యి, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, అందులో ఒకటి మూడు కాళ్ళది. రఫీ మంచివాడే. చెవిలో పడ్డ మాట చేతుల్లోకి దిగిపోవడం ఒక్కటే అతని జబ్బు. పోయిన చలికాలం ఎవరో గొంతుకు మిరియాలు మంచివన్నారు. నెలరోజులు అందరి టీలోనూ మిరియాలే. ఇంకెవరో నిలబడి తాగితే మోకాళ్ళు పోతాయన్నారు. మర్నాడు నిలబడ్డవాళ్ళకు టీ ఇవ్వలేదు. విన్నది నిజమా కాదా అని ఆలోచించే పని దేవుడు రఫీకి పెట్టలేదు.

మూడు కాళ్ళ కుర్చీ అల్తాఫ్‌ది. వేరేవాళ్ళు కూర్చుంటే పడిపోతారు. అల్తాఫ్ కదలడు గనుక పడడు. ఫారంలో నీళ్ళ పంపు దగ్గర పని. రోజుకు నలభై మాటలు మాట్లాడతాడు, అందులో పదకొండు పంపుతోనే. ఖాదర్ అతనికి బావ, అక్క మెహజబీన్ మొగుడు. ఇద్దరిదీ రాయచోటి పక్కన గుండ్లపల్లె. ఆ ఊళ్ళో మట్టి కొంచెం, రాళ్ళు ఎక్కువ.

ఆ శుక్రవారం పొద్దున అక్క నుంచి అల్తాఫ్ ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"తమ్ముడూ, మీ బావ లారీ పోయిందంట గదా. లారీ పోతే పోనీ, మనిషి మాత్రం ఇంటికి రాకూడదురా. రెండేండ్లకొకసారి రెండు నెలలు వస్తాడు. ఆ రెండు నెలలు విన్నది మిగిలిన రెండేండ్లూ నా చెవుల్లో మోగతాంటాది. ప్రేమ లేక కాదు. దూరంగా ఉంటే బంగారం మాదిరి మనిషి. ఎట్లన్నా ఆడనే నిలబెట్టు."

అల్తాఫ్ "సరే అక్కా" అన్నాడు. ఆ రోజు కోటాలో రెండు మాటలు పోయాయి.

లారీ పోవడం నిజమే. దాణా మోయడానికి ఫారంలో బెల్టులు బిగించారు. ఏడుగురు డ్రైవర్ల పేర్లు ఫైనల్ ఎగ్జిట్ జాబితాకెక్కాయి, అంటే ఇక ఇంటికే. ఖాదర్‌ది మూడోది. నెలాఖరుకు ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అయిపోతుంది. మిగిలిన దారి ఒక్కటే. ఆవుల గిట్టలు చెక్కే సెక్షన్‌లో ఒక మనిషి కావాలి. ఆ మనిషిని ఎంచుకునేది డాక్టర్ క్లైడ్.

డాక్టర్ క్లైడ్ అమెరికా ఆయన. పశువుల వైద్యం ఆయన ఉద్యోగం, తాతముత్తాతలు ఆయన వ్యసనం. ఆవు కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి కూడా, పక్కన తోక పట్టుకున్నవాడిని మీ తాత ఏం చేసేవాడని అడుగుతాడు. ఆయన తాతకు తాత నూట డెబ్బై ఏళ్ళ కింద గూడుబండికి ఎద్దులను కట్టుకుని, అమెరికా తూర్పు నుంచి పడమటికి, తెల్లవాళ్ళ ఊళ్ళింకా లేని చోటికి పోయాడట. మొత్తం అరవై నాలుగు బండ్లట. ఆ బండ్ల వెంట ఎద్దులకు లాడాలు కట్టే మనిషి ఒకడుండేవాడట, వాడి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదట. ఈ ముక్క ఆయన దాణా లారీ పక్కన నిలబడి ఖాదర్‌తో చెప్పడం పొరపాటు. ఖాళీగా ఉన్న పేరును చూస్తే ఖాదర్ ఊరుకోలేడు. తన దగ్గరున్న ఇంగ్లీషంతా పోగుచేసి, "డాక్టర్, దట్ మేన్, మై గ్రాండ్‌ఫాదర్ గ్రాండ్‌ఫాదర్" అన్నాడు.

డాక్టర్ కళ్ళు పెద్దవి చేసి, సంచీలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. నిండా గళ్ళు. తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ తండ్రి, ఏం చేశారు, ఎక్కడికి పోయారు, వాళ్ళ గురించి ఇంట్లో ఏం చెప్పుకుంటారు, ఆ కుటుంబం తెలిసినవారెవరైనా కింద సంతకం చేయాలి. సౌదీలో పదకొండేళ్ళు బతికినవాడికి, పైవాడి చేతిలోంచి గళ్ళున్న కాగితం వచ్చిందంటే అది ఉద్యోగానికే, ఇఖామాకే. ఇంకో కారణం ఉంటుందని ఖాదర్‌కు తోచలేదు. నిజానికి ఎవరికీ తోచలేదు. నాలుగింటికి డాక్టర్ ఫారానికి వస్తాడు, ఆవులకు జుమా సెలవు లేదు. ఆ లోపు కాగితం అందాలి.

రాసేది ఉదయకిరణ్. టైమాఫీసు గుమాస్తా, నిర్మల్ వాడు, గుర్తింపు కార్డు మెడలో వేసుకునే నిద్రపోతాడని అంటారు. రాతకూలి రెండు సమోసాలు. మొదటిది తిని చేతులు తుడుచుకుని పెన్ను తీశాడు.

"చెప్పుండ్రి ఖాదర్ భాయ్. ఫాదర్ నేమ్, ఆక్యుపేషన్."

"దస్తగిరి సాహెబ్. పానీయాల పరిశ్రమ."

"రాయచోటి బస్టాండ్ల సోడాలు కొట్టెటోడని మొన్ననే చెప్తిరి గదా."

"సోడా పానీయం కాదా ఉదయ్? కాదంటే చెప్పు, మార్చుకుంటా."

ఉదయకిరణ్ ఆలోచించి 'బెవరేజెస్' అని రాశాడు. ఆఫీసు మనిషి గనుక అబద్ధం కాని అబద్ధాన్ని చూడగానే గౌరవిస్తాడు.

"గ్రాండ్‌ఫాదర్?"

"కాలేషా సాహెబ్."

"పని?"

ఖాదర్ ఆగాడు. అతను ఆగడం ఎప్పుడో గాని జరగదు.

"భూమికి సంబంధించిన పని," అన్నాడు.

"అగ్రికల్చర్?"

"అట్లనే రాసుకో."

అల్తాఫ్ దగ్గాడు. రఫీ కిటికీలోంచి తల బయటపెట్టి, "మిరియాలు వేయల్నా అన్నా?" అని అడిగాడు. అల్తాఫ్ వద్దని తలూపాడు.

"ముత్తాత తొందరగా పోయినాడు, గీత కొట్టెయ్. ముత్తాత నాయన దగ్గరికి రా. అసలు కథ అక్కడుండాది. పేరు రాసుకో, లాడాల మస్తాన్ సాహెబ్."

మూడు కాళ్ళ కుర్చీ కిర్రుమంది. మూడేళ్ళలో అది మొదటిసారి. లాడాల మస్తాన్ సాహెబ్ ఖాదర్ ముత్తాత తండ్రి కాదు, అల్తాఫ్ ముత్తాత తండ్రి. గుండ్లపల్లెలో పుట్టి, గుండ్లపల్లె ఎద్దులకు లాడాలు కట్టి, గుండ్లపల్లెలోనే పోయాడు. జీవితంలో ఒక్కసారి కడపకు పోయి జ్వరం తెచ్చుకున్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. లాడాల పని ఆయన నుంచి వరసగా అల్తాఫ్ తాత హుస్సేన్ సాహెబ్ దాకా వచ్చి, ట్రాక్టర్లు వచ్చాక ఆగిపోయింది.

అల్తాఫ్ బావ వైపు చూశాడు. బావ సమోసా వైపు చూశాడు. అల్తాఫ్‌కు పొద్దున అక్క గొంతు గుర్తొచ్చింది. 'ఎట్లన్నా ఆడనే నిలబెట్టు.' సరే, పోయిన మనిషి, పేరు అరువిస్తే అరిగిపోతుందా అనుకుని టీ చప్పరించాడు.

"పెద్దగా ఏం లేదు ఉదయ్," ఖాదర్ మొదలుపెట్టాడు. "మస్తాన్ సాహెబ్ అమెరికా పోవల్లని పోలేదు. చెన్నపట్నం రేవులో ఎవరో దొర రెండు నెల్లూరెద్దులను ఓడెక్కిస్తాంటే ఒకదానికి లాడం ఊడింది. మన మస్తాన్ సాహెబును పిలిపిచ్చినారు, పోయినాడు, ఓడ లోపల్నే కూచోని లాడం కట్టినాడు. ఎండాకాలం, లోపల గడ్డి మెత్తగా ఉండాది, ఒక కునుకు తీసినాడు. లేసేతలికి సుట్టూ నీళ్ళు. అంతే. ఎవరికైనా జరిగేదే."

"అయితది," అన్నాడు ఉదయకిరణ్ రాస్తూ. "మా మేనమామ గట్లనే నిజామాబాద్ బస్సుల పండుకొని నాందేడ్ పోయిండు."

"నాందేడ్ వేరే, అమెరికా వేరే. ఆరు నెలలు సముద్రం. నడుమ తుఫాను. ఓడ ఇట్ల వంగితే ఎద్దులు ఆ పక్కకు జారతాండాయి, అట్ల వంగితే ఈ పక్కకు జారతాండాయి, ఎద్దులతో పాటు బరువు జారి ఓడ ఇంకా వంగతాండాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీరు చెప్తె గదా తెలిసేది."

"మస్తాన్ సాహెబ్ లాడాలు తీసి, మేకులు బయటికి నిలబడేటట్లు తిరిగి కొట్టినాడు. ఎద్దు అడుగేస్తే మేకు చెక్కలో దిగతాది. ఎద్దులు నిలబడినాయి, ఓడ నిలబడింది. అది జూసి కెప్టెన్ నా బూట్లకు గూడా కొట్టమన్నాడు. కొట్టినాడు. నావికులందరికీ కొట్టినాడు. ఇంగ జూసుకో, తుఫానులో అందరూ బజార్లో నడిచినట్ల నడుస్తాండారు. ఒక్కడు మాత్రం నిలబడిన చోటే దిగబడిపోయినాడు, వానికి మేకులు ఎక్కువైనాయి. అమెరికా దాకా వానికి అన్నం అక్కడికే తెచ్చిపెట్టినారు."

"ఇది రాయాల్నా?"

"చిన్న సంగతి, వదిలేయ్. దిగినాంక రాయి. దిగి, నడుచుకుంటా పడమటికి పోయినాడు. ఎందుకంటే తూర్పున సముద్రమే గదా, ఇంగ యాడికి పోతాడు. ఎంత దూరం పోయినా ఊరు లేదు, చెట్టు లేదు, గడ్డి మాత్రం మనిషెత్తు. ఆ గడ్డిలో అరవై నాలుగు గూడుబండ్లు నిలబడిపోయి ఉండాయి. డాక్టర్ క్లైడ్ వాళ్ళ పెద్దాయన బండి ముందర కూచోని తల పట్టుకోనుండాడు."

"డాక్టర్ సాబ్ వాళ్ళ పెద్దాయన పేరేంది?"

"కూచోని ఉన్నాడు గాబట్టి పేరు అడగలేదు. ఎద్దుల గిట్టలు అరిగి నెత్తురు కారతాండాది. ఆ దేశమోళ్ళకు ఎద్దుకు లాడం కట్టాలంటే దూలాలతో చట్రం కట్టల్ల, కడుపు కింద పట్టా వేసి ఉయ్యాల్లో బిడ్డ మాదిరి పైకెత్తల్ల, ఇది నేను చెప్పేది కాదు, డాక్టరే చెప్పినాడు. ఒక ఎద్దుకు ఒక పూట. ఎద్దులు అయిదు నూర్లు. మస్తాన్ సాహెబ్ సూసినాడు. నడుముకున్న తాడు విప్పినాడు. ఒక్క విసురు. ఎద్దు పడింది. నాలుగు కాళ్ళూ కట్టి, గిట్టకు రెండు రేకులు, రేకుకు నాలుగు మేకులు, టకటకటక, లెయ్యి. ఇంకోటి. టకటకటక, లెయ్యి. పొద్దు ఇక్కడున్నప్పుడు మొదలుపెట్టి," ఖాదర్ తల మీదికి చెయ్యెత్తి, రెండు వేళ్ళంత కిందికి దించాడు, "ఇక్కడికి వచ్చేలోపల అయిదు నూర్లూ అయిపోయినాయి."

"ఫైవ్ హండ్రెడ్," రాశాడు ఉదయకిరణ్. "టైమ్ రాయాల్నా?"

"అద్దగంట అని రాయి. నమ్మరులే, ముప్పావుగంట అని రాయి."

రఫీ పాలు పొంగిస్తూ వింటున్నాడు. పాలు పొయ్యి మీదికి పోతున్న సంగతి అతనికి తప్ప అందరికీ కనబడింది. అల్తాఫ్ మాత్రం లోపల లెక్క వేస్తున్నాడు. తాతకు ఒక ఎద్దుకు అరగంట పట్టేది. మంచి ఎద్దయితే. సరే, అక్క కోసం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండ్లు కదిలినాయి. పది మైళ్ళు పోయినాయో లేదో నేల అదురుతాండాది. అడవిదున్నలు. లచ్చ. లచ్చ అంటే తక్కువ చెప్పినట్ల, కంటికి ఆనినంత దూరం నల్లగా కదులుతాండాయి, నేరుగా బండ్ల మీదికే. దొరలందరూ తుపాకులు తీసినారు. మస్తాన్ సాహెబ్ వద్దని చెయ్యెత్తినాడు. 'మూగజీవాలు, కాళ్ళు నొప్పెట్టి పరిగెత్తతాండాయి, మీకేం తెలుసు' అన్నాడు. ఎదురుపోయినాడు. మొదటి దున్న పరిగెత్తతాండగానే ఎత్తిన కాలు ఎత్తినట్లే పట్టుకోని లాడం కొట్టినాడు."

"ఉర్కుతాంటనే?"

"ఆపితే గదా లేటయ్యేది. ఒకటి ఎనక ఒకటి. లాడాలు పడినాంక నడక మారిపోయింది ఉదయ్, పెండ్లి ఊరేగింపు మాదిరి వరసలో పోయినాయి. ఆ లచ్చ దున్నలు లాడాలతో పోయిన జాడే ఇప్పుడు అక్కడ పెద్ద రోడ్డు. గూగుల్లో కొట్టు."

"లచ్చ దున్నలకు లాడాలంటె, ఇనుము యాడికెళ్ళి వచ్చింది భాయ్?"

ప్రశ్న మంచిదే. ఖాదర్ అర నిమిషం టీ తాగాడు.

"అందుకే గదా రైలింజను కథ వచ్చేది," అన్నాడు. "ఇనుము కోసం మస్తాన్ సాహెబ్ రైలు కంపెనీ దగ్గరికి పోయినాడు. వాళ్ళ కష్టం వాళ్ళకుండాది. కొండ ఎక్కేకాడ మంచు, పట్టాలు నున్నగా, ఇంజను ఎక్కతాది, జారతాది, ఎక్కతాది, జారతాది. ఇంజినీర్లు పదకొండుమంది, పెద్ద పెద్ద టోపీలు. మస్తాన్ సాహెబ్ ఇంజను సుట్టూ ఒకసారి తిరిగినాడు. 'దీనికి లాడాలు యాడ?' అన్నాడు. ఇంజినీర్లు టోపీలు తీసి తల గోక్కున్నారు. తాడు విసిరినాడు. ఇంజను పడింది."

"ఇంజన్."

"పక్కకు పడింది. పొగ కొంచెం తగ్గింది. చక్రాలు కట్టేసి ఒక్కోదానికి పదహారు మేకులు కొట్టి లేపినాడు. కూత పెట్టుకుంటా కొండెక్కి పోయింది. కంపెనీ సంతోషపడి ఆ కొండ నీదే అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కొండకు గూడ లాడాలు కొట్టిండా?"

ఖాదర్ బాధగా చూశాడు. "కొండకు కాళ్ళుంటాయా ఉదయ్? తెలిసినోనివి, అట్ల మాట్లాడొద్దు. కొండ అడ్డముండాది. గూడుబండ్లు అవతలికి పోవల్ల. ఆడోళ్ళు, పిల్లోళ్ళు, వెనక చలికాలం తరుముకొస్తాండాది. మస్తాన్ సాహెబ్ కొండ మెడకు తాడు వేసి, కాలు తన్నిపెట్టి, బిస్మిల్లా అని ఒక్క గుంజు గుంజినాడు. పక్కకు వాలింది. బండ్లు పోయినాయి. ఇప్పటికీ అది పడుకోనే ఉండాది."

రోడ్డు మీద పాల ట్యాంకరు ఒకటి పోయింది. ఉదయకిరణ్ గళ్ళు నిండిపోయి కాగితం వెనక్కు తిప్పి రాస్తున్నాడు. అతను నమ్ముతున్నాడా అంటే చెప్పలేం. గుమాస్తాలు నమ్మడానికి రాయరు. అల్తాఫ్ ఓడను మింగాడు, దున్నలను మింగాడు, రైలింజనును మింగాడు, కొండను కూడా మింగి పైన ఒక గుక్క టీ తాగాడు. అంతవరకు అక్కకు ఇచ్చిన మాట నిలబడే ఉంది.

"లాస్ట్ గడి," అన్నాడు ఉదయకిరణ్ గడియారం చూసి. మూడు ముప్పావు. "ఆయన పనితనం గురించి ఇంట్ల ఏం చెప్పుకుంటరు? ఒక్క లైన్. గింతే జాగ ఉంది."

"ఒక్క లైనే గదా, రాయి. లాడాల మస్తాన్ సాహెబ్ ఎద్దు యాడ నిలబడితే ఆడనే పడేసేటోడు. కింద రాళ్ళున్నాయా, ముండ్లున్నాయా, సూసేటోడే కాదు."

అల్తాఫ్ గ్లాసు కింద పెట్టాడు.

"సూసేటోడు," అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. రఫీ పొయ్యి ఆపాడు. అల్తాఫ్ తనంతట తాను నోరు తెరవడం వాళ్ళెవరూ చూడలేదు.

"ఏంది అల్తాఫూ," అన్నాడు ఖాదర్.

"సూసేటోడు బావా. తాడు తర్వాత. లాడం తర్వాత. ముందు నేల సూస్తారు." అల్తాఫ్ ఆ రోజు కోటా, రేపటి కోటా కలిపి ఖర్చు పెట్టేశాడు. "ఎద్దు పడేది పక్కటెముకల మీద. కింద కోడిగుడ్డంత రాయి ఉన్నా ఎముక పోతాది. ఎముక పోతే ఎద్దు పోతాది. ఎద్దు పోతే ఆ రైతు ఇంట్లో ఆ ఏడు పొయ్యి ఎలగదు. రాళ్ళు ఏరల్ల, చేత్తో తడిమి సూడల్ల, మెత్తమన్ను పరచల్ల, అప్పుడు తాడు తీయల్ల. మా తాత ఒట్టి చేతులతో ఇంటికి పోయినా పోయేటోడు గాని, రాళ్ళు ఏరకుండా ఒక్క ఎద్దును పడెయ్యలేదు. కొండను పడేసినాడంటే పడెయ్యనీ. ఎద్దును మాత్రం రాళ్ళ మీద పడెయ్యలేదు."

ఉదయకిరణ్ పెన్ను గాలిలో ఉంది. "ఆగుండ్రి. మీ తాతనా? గీ మస్తాన్ సాహెబ్ మీకేమైతడు?"

అల్తాఫ్ బావ వైపు చూశాడు. ఖాదర్ గ్లాసు అడుగున ఏదో వెతుకుతున్నాడు.

"మా ముత్తాతకు నాయన," అన్నాడు అల్తాఫ్. తర్వాత మెల్లగా, "అక్కను ఇచ్చినాం బావా. తాతముత్తాతలను గూడా నువ్వే తీసుకుంటివి," అన్నాడు.

రఫీ నవ్వబోయి, ఎవరూ నవ్వడం లేదని చూసి ఆగాడు.

"మరి గీ కాలేషా సాహెబ్?" ఉదయకిరణ్ కాగితం ముందుకు తిప్పి వేలు పెట్టాడు. "భూమికి సంబంధించిన పని. వ్యవసాయం గాదా?"

ఖాదర్ మాట్లాడలేదు. పదకొండేళ్ళలో ఆ బూఫియాలో అతను మాట్లాడని మొదటి నిమిషం అదే. గేటవతల ఆవు ఒకటి అరిచింది, అది కూడా సందు దొరికిందనే కాబోలు.

"రాళ్ళు ఏరేటోడు," అన్నాడు ఖాదర్ చివరికి. "అల్తాఫ్ వాళ్ళ తాత ఎద్దులను పడేసేకాడ మా తాత రాళ్ళు ఏరేటోడు. నలభై ఏండ్లు. ఇంగ నింపు నీ గడి. రాళ్ళు ఏరేటోని మనమనికి గిట్టల సెక్షన్‌లో ఎవడు ఉద్యోగం ఇస్తాడో సూస్తా."

"బావ వాళ్ళ తాత రాలేదంటే మా తాత ఆ పొద్దు తాడు తీసేటోడు కాదు," అన్నాడు అల్తాఫ్. "అది గూడా రాయి ఉదయ్. సంతకం నేను పెడతా."

కొత్త కాగితం లేదు, వ్యవధి లేదు. ఉదయకిరణ్ 'అగ్రికల్చర్' కొట్టేసి పక్కన సన్నటి అక్షరాలతో రాళ్ళు ఏరే పని అని ఇంగ్లీషులో రాశాడు. దున్నలు, ఇంజను, కొండ అలాగే ఉండిపోయాయి. అల్తాఫ్ కింద సంతకం పెట్టాడు. దాంతో లోకంలో ఒక కొండను పడగొట్టినదానికి లిఖితపూర్వకంగా సాక్షి ఏర్పడ్డాడు. ఖాదర్ తాను తీసుకుపోనన్నాడు. డాక్టర్‌కు రోజూ నాలుగింటికి ఫ్లాస్కులో టీ ఇచ్చేది రఫీయే గనుక, కాగితం కూడా అతనికే ఇచ్చి పంపారు.

ఖాదర్ సంచీలో ఏమేం సర్దుకోవాలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అల్తాఫ్ అక్కకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఒక్క రాయి కోసం నోరు జారి, అక్కకు ఇచ్చిన మాట పోగొట్టుకున్నాడు. ఇంకో గంటలో ఆమె మళ్ళీ మెసేజ్ పెడుతుంది.

తర్వాత జరిగింది ఇది.

రఫీ పోయేసరికి గిట్టల సెక్షన్ వెనక ఖాళీ స్థలంలో ఎనిమిదిమంది తాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక ఆబోతు. ఇనుప బోనులో పట్టలేదు. ఆరుబయటే తాళ్ళతో పడుకోబెట్టి గిట్ట చూడాలని డాక్టర్ నిర్ణయించాడు. నేలంతా కంకర. రఫీ ఒక పక్కన ఫ్లాస్కు పెట్టి, దాని కింద కాగితం పెట్టి, ఎవరూ ఏమీ అడగకముందే మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. ఏరాడు, చేత్తో తడిమి చూశాడు, మళ్ళీ ఏరాడు, మూల నుంచి నాలుగు గంపల ఇసుక తెచ్చి పరిచాడు. ఎనిమిదిమందీ, డాక్టరూ, ఆబోతూ అతన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత తాళ్ళు లాగారు. ఆబోతు పరుపు మీద వాలినట్టు వాలింది. ఇది ఎక్కడ నేర్చుకున్నావని డాక్టర్ అడిగాడు. ఎవరో చెప్పారని రఫీ అన్నాడు.

ఆదివారం రఫీకి గిట్టల సెక్షన్‌లో ఉద్యోగం ఇచ్చారు.

కాగితానికీ ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. అలాంటి కాగితాలు డాక్టర్ ఫారంలో నలభైమందికి ఇచ్చాడు, ఒంటెలు తోలుకుంటూ పోతున్న సూడానీ ఆయనకు కూడా ఇచ్చాడు. ఖాదర్‌ది చదివి, కొండ దగ్గర మాత్రం పెన్సిలుతో 'ఏ సంవత్సరం?' అని రాసి గోడకు అంటించుకున్నాడు.

బూఫియాలో టీ కాసే మనిషి లేకుండా పోయాడు. అబూ నాసిర్ రెండు రోజులు తనే కాచి, మూడో రోజు ఫారం ఆఫీసుకు వచ్చి, జాబితాలో ఉన్నవాళ్ళలో ఎవరైనా సరే ఒకడిని ఇమ్మన్నాడు. మొదటి ఇద్దరూ అప్పటికే విమానం ఎక్కేశారు. మూడోవాడు ఖాదర్. కఫీల్లు, అంటే వీసా ఇచ్చిన యజమానులు, ఫోన్లలో బటన్లు నొక్కి మనుషులను మార్చుకున్నారు. అబూ నాసిర్‌కు తెలుగు రాదు గనుక కొత్త మనిషి మీద ఆయనకు ఫిర్యాదులేమీ లేవు.

అల్తాఫ్ అక్కకు "ఈడనే ఉండాడు" అని మెసేజ్ పెట్టాడు. మెహజబీన్ ఆ సాయంత్రం వీధిలో అందరికీ పాయసం పంచింది. ఎందుకో చెప్పలేదు.

బూఫియాలో చేరిన మొదటి రోజే ఖాదర్ మూడు కాళ్ళ కుర్చీకి నాలుగో కాలు వేయించాడు. అల్తాఫ్ వచ్చి ఎప్పటిలాగే ఒక పక్కకు ఒరిగి కూర్చుని, పడిపోయాడు. దెబ్బ తగలలేదు. కింద రాళ్ళేవీ లేవు. పొద్దున్నే ఖాదర్ ఏరేశాడు.